తణుకులో ట్రాపికల్ లుక్కట!

ముందుగా ఒక అంకె. తణుకు భూమధ్యరేఖకి ఉత్తరంగా సుమారు 16.75 డిగ్రీల దగ్గరుంది. కర్కటరేఖ ఉండేది 23.5 దగ్గర. అంటే మా ఊరు ఉష్ణమండలం అంచున ఏదో వేలాడుతూ లేదు, బాగా లోపలికే ఉంది. నమ్మకం లేనివాళ్ళు మే నెల మధ్యాహ్నం రెండింటికి తణుకు బస్టాండు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడండి, అక్షాంశం నెత్తి మీదే తెలుస్తుంది.

ఇప్పుడు విషయానికొస్తాను. తణుకులో ఇల్లు కట్టిస్తున్న ఒక మిత్రుడు (డాలస్‌లో పదిహేనేళ్ళుగా ఉంటున్నాడు, డేటాబేసుల పని) మొన్నామధ్య తన ఇంటి తోట ప్లాను నాకు పంపాడు. ఫైలు పేరు 'ఫైనల్ వెర్షన్ 4'. మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో 'ట్రాపికల్ లుక్' అని ఉంది. గేటు నించి గుమ్మం దాకా ఆరు ఫాక్స్‌టెయిల్ పామ్‌లు, మూలకి ఒక ట్రావెలర్స్ పామ్, గోడ వెంబడి అరెకా పామ్‌లు, మధ్యలో పచ్చిక, మిగతాదంతా టైల్సు. చివరి పేజీలో, మన ప్రాజెక్టు డాక్యుమెంట్లలో ఎవరూ చదవని అనుబంధంలాంటి చోట, ఒక్క లైను: ఉన్న కొబ్బరి చెట్లు మూడు - తీసివేయవలెను.

చూశారా? ఉష్ణమండలంలో ఉన్న ఊళ్ళో, ఉష్ణమండలపు చెట్లు మూడు కొట్టేసి, ఉష్ణమండలంలా 'కనిపించే' చెట్లు తొమ్మిదో పదో పెట్టడం. నిజంగా వర్షం కురుస్తుంటే కిటికీ మూసేసి టీవీలో వాన చూసినట్టు.

వాడొక్కడే అయితే నేనింత రాసేవాణ్ణి కాదు. గత పదేళ్ళలో మా వీధిలోనే ఈ తంతు నాలుగిళ్ళలో చూశాను. ఇల్లు పాతదైతే కొబ్బరి చెట్టు పోతుంది, కొత్తదైతే అసలు రానే రాదు. కట్టించేవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే, అంటే కంప్యూటర్ల ముందు కూచుని బతికేవాళ్ళు. అంచేత ఈ గొడవ మనలో మనం తేల్చుకోవాల్సిందే.

ముందు ఆ చెట్లెక్కడివో చూద్దాం. ఫాక్స్‌టెయిల్ పామ్ సొంతూరు ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్ ఉత్తరాన కేప్ మెల్విల్ అనే చోట బండరాళ్ళ గుట్టలు. ప్రపంచం మొత్తం మీద అది సహజంగా పెరిగేది ఆ ఒక్క చోటే. వృక్షశాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టింది 1983లో, ఆ చెట్టు గురించి పాతకాలపు జ్ఞానం చివరిదాకా నిలుపుకున్న ఒక ఆదివాసి పెద్దాయన పేరు మీదుగా. పేరు పెట్టాక పదేళ్ళకే విత్తనాల దొంగలు ఆ గుట్టల మీద పడ్డారు, అంత గిరాకీ వచ్చింది. ఇప్పుడు నర్సరీల్లో ఎక్కడ చూసినా అదే. అందమైన చెట్టే, కాదన్ను. నక్క తోకలా గుబురుగా ఉండే ఆకు, సీసాలా నున్నటి మాను.

ట్రావెలర్స్ పామ్ అసలు పామే కాదు. మడగాస్కర్ నించి వచ్చింది, అరటికి దూరపు చుట్టం. సిద్ధాంతం బ్రిడ్జి దాటితే రావులపాలెం చుట్టూ ఎకరాలకి ఎకరాలు అరటి కనిపిస్తుంది, దాన్ని ఎవరూ ట్రాపికల్ అనరు. విసనకర్రలా విప్పారి, గెల వెయ్యని దూరపు చుట్టం మాత్రం ట్రాపికల్! అరెకా పామ్ అని పిలిచేదీ మడగాస్కర్ మొక్కే. గేటెడ్ కమ్యూనిటీల్లో తెల్ల స్తంభాల్లా నిలబడే రాయల్ పామ్ క్యూబా, ఫ్లోరిడాల వైపుది.

ఇంకో తమాషా చెప్తాను, డాలస్, హ్యూస్టన్, ఓర్లాండో వాళ్ళు జాగ్రత్తగా వినండి. మీ ఊళ్ళలో షాపింగ్ సెంటర్ల ముందు, పెద్ద పెద్ద ఇళ్ళ స్విమ్మింగ్ పూల్ పక్కన 'సిల్వెస్టర్ పామ్' అని ఒకటుంటుంది చూశారా? మాను మీద వజ్రాల అచ్చులు, బూడిద రంగు ఆకులు, ఖరీదు అడిగితే గుండె ఝల్లుమంటుంది. అది మన ఈత చెట్టు. సాక్షాత్తూ మన చేల గట్ల మీద కల్లు గీసే ఈత. అక్కడ దాన్ని క్రేనుతో దింపి నాటుకుని 'ఆహా ట్రాపికల్' అంటున్నారు. హైదరాబాదు శివార్లలో వెంచర్ల వాళ్ళు కూడా ఎక్కడో ఊళ్ళలో పెరిగిన ఈత చెట్లని వేళ్ళతో సహా పెకలించి లారీల మీద తెచ్చి గేటు దగ్గర నిలబెడుతున్నారు. ఊళ్ళో ఉంటే ఈత, బ్రోచర్లో ఉంటే డేట్ పామ్. చెట్టు అదే, మనం దాన్ని చూసే దిక్కు మారిందంతే.

ఇక్కడ ఒక అపార్థానికి తావుంది. నేను 'విదేశీ మొక్కలు గో బ్యాక్' అనడం లేదు. మిరపకాయ బయటిదే, జామ, బొప్పాయి, జీడిమామిడి అన్నీ సముద్రాలు దాటి వచ్చినవే. మిరపకాయ లేని గోదావరి వంటని ఊహించుకోండి, నా వల్ల కాదు. ఆ మాటకొస్తే కొబ్బరికాయ కూడా నీళ్ళ మీద తేలుతూ ఒడ్డులు మారే జాతే. పరాయి మొక్క అన్నది నా అభ్యంతరం కాదు. కాపు కాస్తున్న చెట్టుని, ఏమీ కాయని చెట్టు కోసం, ఫోటో కోసం, కొట్టెయ్యడం నా అభ్యంతరం. మన భాషలో చెప్పాలంటే, ఇరవై ఏళ్ళుగా ఒక్క రోజు ఆగకుండా నడుస్తున్న ప్రొడక్షన్ సర్వర్ని పీకేసి ఆ స్థానంలో రంగురంగుల డెమో స్క్రీను పెట్టడం. ఆఫీసులో ఎవడన్నా ఈ పని చేస్తే మనం ఊరుకుంటామా?

సర్వరని ఊరికే అనలేదు. కొబ్బరి చెట్టు పనిచేసే తీరు మనలాంటి వాళ్ళకి భలే నచ్చాలి. సుమారుగా నెలకో ఆకు వేస్తుంది. ప్రతి ఆకు చంకలోనూ ఒక పూతగెల. పూత నించి ముదిరిన కాయ అవడానికి సుమారు ఏడాది. అంటే కాపు మీదున్న చెట్టు మీద ఏ రోజు చూసినా పూత, పిందె, బొండాం, ముదురు కాయ అన్నీ ఒకేసారి వరసలో ఉంటాయి. పై నించి కిందకి చూస్తే ఏడాది పొడవు పైప్‌లైను. నెలకో రిలీజు. మొదలు దగ్గర నించి మాను మీద మచ్చలు లెక్కపెడితే చెట్టు వయసు ఉజ్జాయింపుగా చెప్పొచ్చు, చరిత్ర మొత్తం దాని ఒంటి మీదే ఉంటుంది.

ఉపన్యాసం కాదు, నేను పెంచాను కాబట్టి చెప్తున్నాను. 2017 వర్షాల్లో తణుకులో మా అమ్మా వాళ్ళింటి దొడ్లో ఒక గంగాబొండాం మొక్క వేయించాను. ఇది మన పశ్చిమ గోదావరి పేరు మీద చలామణీ అయ్యే పొట్టి రకం, కాయ బొప్పాయిలా కోలగా ఉంటుంది, నీళ్ళకి పెట్టింది పేరు. (దీన్నించే అంబాజీపేట పరిశోధనా స్థానం వాళ్ళు గౌతమి గంగ అనే రకాన్ని ఎంపిక చేశారు. మన పొడుగు రకాన్ని గంగాబొండాంతో కలిపి గోదావరి గంగ అనే హైబ్రిడ్ కూడా ఇచ్చారు. ఇంత సరుకు గంటన్నర దూరంలో పెట్టుకుని మనం క్వీన్స్‌ల్యాండ్ వైపు చూస్తున్నాం.)

మూడడుగుల గొయ్యి. అడుగున కొబ్బరి డొక్కలు, బోలు భాగం పైకి ఉండేలా పరిచి, పైన ఇసక, చివికిన పశువుల ఎరువు కలిపిన మట్టి. డొక్కలు తడిని పట్టి ఉంచుతాయి, ఇది మా తాతయ్య నాటి పద్ధతే. గోడకి పన్నెండడుగుల ఎడం. నేను హైదరాబాదులో, చెట్టు తణుకులో, అంచేత రోజువారీ పెంపకం అమ్మది, ఫోన్లో సలహాలు నావి, సెలవులకెళ్ళినప్పుడు గునపం పని నాది.

మొదటి ఏడాదిన్నర చూడ్డానికేమీ ఉండదు. ఆకులు చీలకుండా అట్టముక్కల్లా ఉంటాయి. తర్వాత ఈనెలు విడివడటం మొదలవుతుంది. అది చూసి అమ్మ ఫోన్ చేసి 'ఒరే, పిల్లకి జడ పడుతోందిరా' అంది. రెండో ఏడు కొమ్ముపురుగు వచ్చింది. విచ్చుకుంటున్న ఆకు కత్తెరతో కత్తిరించినట్టు ముక్కోణాలుగా తెగిపోయి ఉంటే అది వచ్చినట్టు లెక్క. మొవ్వు దగ్గర బెజ్జంలోకి ఇనప ఊచ పోనిచ్చి పురుగుని లాగెయ్యాలి, ఆకుల చంకల్లో ఇసకతో పాటు నాఫ్తలీన్ గోళీలు వెయ్యాలి. కొబ్బరికి ఉన్న మొవ్వు ఒక్కటే, అది పోతే చెట్టు పోయినట్టే, బ్యాకప్ లేదు. మూడో ఏడు, అంటే 2020, అందరం ఇళ్ళలో ఇరుక్కున్న ఏడాది, నాలుగు నెలలు తణుకు నించే పనిచేశాను. చెట్టు కూడా ఆ ఏడే మాను చూపించింది. 2021 చివర్లో మొదటి పూతగెల. పిందెలన్నీ రాలిపోయాయి, మొదటి గెలలు అంతే. ఆ తర్వాతి ఏడు నించి బొండాలు, అవి కూడా నిచ్చెన అక్కర్లేకుండా చెయ్యెత్తి కోసుకునే ఎత్తులో.

నాలుగైదేళ్ళు. ఫాక్స్‌టెయిల్‌కి ఆ 'లుక్' రావడానికీ దాదాపు అంతే పడుతుంది. పెద్ద చెట్టే కొని తెచ్చి పాతించుకుంటే తప్ప. అంటే ఓపిక లెక్కలో కూడా తేడా లేదు.

సరే, అవతలి వాదన. మా మిత్రుడు తెలివితక్కువవాడు కాదు, అతని మాటల్లో బలముంది.

'కాయ నెత్తిన పడితే? కారు మీద పడితే? అమ్మా నాన్నా పెద్దవాళ్ళు, ఒక్కళ్ళే ఉంటారు' అన్నాడు. నిజమే. అరవై అడుగుల పొడుగు చెట్టు, ఇంటి కప్పుని ఆనుకుని ఉంటే, దించేవాళ్ళు లేకపోతే, అది ప్రమాదమే. అలాంటి ఒక్క చెట్టు తియ్యాల్సి వస్తే తియ్యండి, నేను అడ్డం పడను. కానీ అతని మూడింట్లో రెండు వెనక దొడ్లో, నూతి పక్కన, ఎవరి నెత్తికీ అందనంత దూరంలో ఉన్నాయి. పైగా రాయల్ పామ్ మట్ట ఎండి దానంతటదే ఊడి పడుతుంది, మనిషి పొడవుకి మించిన బరువైన మట్ట. దానికి టైం టేబులు లేదు. కొబ్బరికాయ కనీసం ముదిరి, కబురు పెట్టి పడుతుంది.

'దింపు వాళ్ళు దొరకట్లేదు' అన్నది రెండో మాట. ఇది కూడా నిజమే, ఇంకా బాధపడాల్సిన నిజం. మా ఇంటికి వచ్చే దింపు అతనికి యాభై దాటాయి. 'ఆయ్, మావోడు ఎక్కడండి, హైదరాబాద్‌లో డెలివరీ పనండి, చెట్టెక్కమంటే నవ్వుతాడండి' అంటాడు. కాళ్ళకి బంధం, మొలకి కత్తి, ఇన్సూరెన్సు లేని పని. ఏ కొడుకు మాత్రం ఎందుకెక్కుతాడు? కొబ్బరి అభివృద్ధి బోర్డు వాళ్ళు 2011 నించి యంత్రంతో చెట్టెక్కడం నేర్పే శిక్షణలు పెట్టారు. అది ఊరూరా అందేదాకా ఉన్న దారి ఏమిటంటే, పొడుగు చెట్టు ఉన్నన్నాళ్ళు దించేవాడికి సరైన కూలి ఇవ్వడం, కొత్తగా వేసేది పొట్టి రకం వెయ్యడం. మనలో ఎంతమందిమి హైదరాబాదులో బొండానికి అడిగినంత ఇచ్చి, ఊళ్ళో చెట్టుకింత అంటే బేరమాడతామో నాకు తెలుసు. దింపు వాళ్ళు దొరకట్లేదు అనే వాక్యంలో సగం మన పర్సుల్లో ఉంది.

మూడో మాట తుఫాను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో కొబ్బరి తోటలు ఎలా పడుకున్నాయో చూసినవాళ్ళు ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ భయం మీద నేను జోకులెయ్యను. కాకపోతే ఆ తర్వాత వాళ్ళు మళ్ళీ ఏం నాటారు? కొబ్బరే కదా.

నాలుగోది తెల్లదోమ. 'ఆకుల కింద తెల్లటి సున్నం, పైన నల్లటి మసి, కారు జిగురు, మాకొద్దు బాబూ' అంటారు. ఇది నాకూ తలనొప్పే. ఈ సర్పిలాకార తెల్లదోమ మధ్య అమెరికా పురుగు. 2004లో బెలీజ్‌లో దొరికినవాటిని బట్టి శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు, 2009కి ఫ్లోరిడా చేరింది, 2016లో తమిళనాడు, కేరళ కొబ్బరి తోటల్లో కనిపించింది, కొద్ది నెలల్లోనే మన గోదావరి జిల్లాలకొచ్చింది. ఇది గుంటూరు దాకా కూడా సొంత రెక్కల మీద ఎగిరే బాపతు కాదు, ఖండాలు దాటి ఎలా వస్తుంది? మొక్కలతో పాటు ప్రయాణిస్తుంది. ఆకుల కింద గుడ్లు పెట్టుకుని లారీ ఎక్కుతుంది, కంటైనర్ ఎక్కుతుంది. దేశదేశాల అలంకరణ మొక్కల మీద మనకున్న మోజుకి వచ్చే బిల్లు ఇలాంటిది, కట్టేది మాత్రం కోనసీమ రైతు. పోనీ కొబ్బరి కొట్టేస్తే వదులుతుందా? అలంకరణ పామ్‌లనీ వదలదు, అరటినీ జామనీ వదలదు.

మందులు కొట్టి పడేద్దాం అనుకోకండి. ఆ దోమని తినే ఎన్కార్సియా అనే అతి చిన్న కందిరీగ జాతి ఒకటుంది, మందు కొడితే ముందు చచ్చేది అదే. అంబాజీపేట వాళ్ళు ఇసారియా అనే శిలీంద్రాన్ని పెంచి రైతులకిచ్చారు. మా దొడ్లో అయితే పొట్టి చెట్టు కాబట్టి అమ్మ ట్యూబుతో ఆకుల కింద గట్టిగా నీళ్ళు కొట్టిస్తుంది, మరీ ఎక్కువైతే వేపనూనె. పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. ప్రొడక్షన్లో ఉన్న ఏ వ్యవస్థకైనా అంతకంటే మంచి హామీ మనమెప్పుడైనా ఇచ్చామా?

కోనోకార్పస్ కథ ఇంతకన్నా చేదు. ఏపుగా పెరుగుతుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, మేక కూడా ముట్టదు అని ఊళ్ళకి ఊళ్ళు నింపారు. ఆనక తెలంగాణ 2022లో హరితహారంలో నాటడం ఆపేసింది, గుజరాత్ 2023లో నిషేధించింది, తమిళనాడు 2025లో. దాని మీద వచ్చిన ఆరోపణల్లో అతిశయోక్తులూ ఉన్నాయి, అన్నీ నేను మొయ్యను. ఆకుపచ్చగా ఉంటే చాలు అనుకుని లక్షల్లో నాటి, తర్వాత లక్షల్లో పీకడం మాత్రం అతిశయోక్తి కాదు.

కొంతమంది ఇదంతా కడియం నర్సరీల వాళ్ళ పని అంటారు. ఒప్పుకోను. తణుకు నించి రావులపాలెం, జొన్నాడ మీదుగా వెళ్తే హైవే పక్కనే కడియపులంక. దశాబ్దాలుగా వాళ్ళు అంటు కట్టడంలో, మొక్క బతికించడంలో సంపాదించిన నైపుణ్యం మన ఏ సర్టిఫికేషన్‌కీ తీసిపోదు. అక్కడ ఫాక్స్‌టెయిలూ ఉంది, పనసా ఉంది, పొగడా ఉంది, సంపెంగా ఉంది. మొన్న వెళ్ళినప్పుడు ఒక నర్సరీ పెద్దాయన్ని అడిగాను. 'మీరు ఫోన్లో బొమ్మ చూపించి ఇది కావాలంటారండి. పొగడ మొక్క చూపిస్తే ఇదేంటి ఇలా ఉంది అంటారండి. మేం ఏం చెయ్యమంటారు చెప్పండి?' అన్నాడు. రిక్వైర్‌మెంటు మనం ఇచ్చి, డెలివరీ చేసినవాణ్ణి తిట్టడం మన క్లయింట్లు మనకి నేర్పిన విద్య. దాన్ని కడియం మీద ప్రయోగించకండి.

అన్నిటికన్నా నాకు కడుపు మండేది ఇంకోటుంది. ఆ తోట ఎవరి కోసం? మా మిత్రుడు ఊరికొచ్చేది రెండేళ్ళకోసారి, డిసెంబరులో, మూడు వారాలు. డిసెంబరులో తణుకు దేవలోకంలా ఉంటుంది, ఏ చెట్టు పెట్టినా బాగుంటుంది. మిగతా కాలమంతా ఆ ఇంట్లో ఉండేది డెబ్భై దాటిన వాళ్ళమ్మగారు. ఆవిడకి మేలో నీడ కావాలి. ఆరు ఫాక్స్‌టెయిళ్ళ నీడ కలిపినా నులకమంచం పట్టదు. టైల్సు పరిస్తే వేడి పొయ్యి మీద పెనం, వాన పడితే నీళ్ళు ఇంకే చోటు లేదు, డెల్టాలో అసలే మురుగు పోయే దారి తక్కువ. పచ్చికకి రోజూ నీళ్ళు, వారానికోసారి కోత.

మరి ఆ మూడు కొబ్బరి చెట్లు ఆవిడకేం చేస్తున్నాయి? ఈనెలతో చీపుళ్ళు. ఎండు మట్టలు నీళ్ళు కాగబెట్టడానికి. పచ్చడికి, కోవెలకి, పేరంటానికి కాయలు. పక్కింటివాళ్ళకి జ్వరమొస్తే పంపడానికి బొండాం. దింపు అతను వచ్చిన రోజు అరగంట కబుర్లు. కాయలు పంచే వంకతో నాలుగిళ్ళు తిరగడం. ఆవిణ్ణి అడిగాను, ఏమ్మా చెట్లు కొట్టేస్తున్నారటగా అని. 'వాడు ఇల్లు కడుతున్నాడు కదు బాబూ, వాడిష్టం' అంది. కాసేపాగి 'నూతి దగ్గరది మీ మావయ్యగారు వేసింది' అంది. అంతే. అంతకన్నా గట్టిగా ఆ తరం వాళ్ళు కొడుకు మాటకి అడ్డు చెప్పరు. ఇంజినీర్లం కదా, ఆ రెండో వాక్యాన్ని రిక్వైర్‌మెంటుగా చదవడం మనకి రావాలి.

'నా స్థలం, నా డబ్బు, నా ఇష్టం' అనేవాళ్ళతో నాకు పేచీ లేదు, వాళ్ళు ఇందాకే చదవడం మానేసి ఉంటారు. మిగిలిన వాళ్ళకి నా బేరం ఇదీ. ఫాక్స్‌టెయిల్ కావాలా, పెట్టుకోండి, గేటు పక్కన రెండు. కారు మీద పడే చెట్టొకటి ఉంటే తియ్యండి, మిగతా రెండూ ఉంచండి. తీసినచోట, గోడకి పన్నెండడుగులు వదిలి, ఒక గంగాబొండాం. పచ్చిక బదులు నీడకి ఒక పొగడో, వేపో. ప్లాను గీసే అబ్బాయికి 'అమ్మగారు మధ్యాహ్నం ఎక్కడ కూచుంటారు' అనే ప్రశ్నకి జవాబు రాసివ్వండి, మొదటి పేజీలో.

ఇదంతా మా మిత్రుడికి మెయిల్లో రాశాను, ఇంతకన్నా ఘాటుగానే. నిన్న వెర్షన్ 5 పంపాడు. నూతి దగ్గరి చెట్టు ఉంది. రెండోదాని మీద ప్రశ్నార్థకం పెట్టి ఉంది. ఫాక్స్‌టెయిళ్ళు ఇంకా ఆరే. రేపు మళ్ళీ ఫోన్ చెయ్యాలి.